రాజుగారిని లాగిన మోకు

ఒక పక్క సముద్రం, ఒక పక్క కొబ్బరితోటలు, నడుమ ఒక రాజుగారి మీసం. అలాంటి రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు వేలాపురం. రాజుగారి పేరు ఉత్తుంగదేవుడు.

ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కథ కాస్త నడిచేసరికి మీకు ఆయన మీద ఒళ్ళు మండుతుంది. ఆయనకున్నది ఒకటే జబ్బు, మర్యాద. ఎవరెంత మర్యాద చేసినా ఇంకొంచెం తక్కువైందనే అనిపించేది ఆయనకు.

ఆ కొలువులో ఒక ఆచారం ఉండేది. రాజుగారికి ఎవరూ వీపు చూపించకూడదు. వచ్చేటప్పుడు ఎలాగూ ఎదురుగానే వస్తారు. పోయేటప్పుడు కూడా ముఖం సింహాసనం వైపే పెట్టుకుని, చేతులు జోడించి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ గుమ్మం దాటాలి. కొలువుకూటమా, ఆ కొసన కేకేస్తే ఈ కొసకు వినపడనంత పొడుగు. పండితులు పోయి పోయి స్తంభాలకు గుద్దుకునేవారు. సేనాపతి ఒకసారి వెలుగుతున్న దీపపు సెమ్మె మీద కూర్చున్నాడు. ప్రధానమంత్రి విశ్వంభరుడుగారికి తల వెనక ఒక బొప్పి కాపురం పెట్టేసింది. దాని మీదే తలపాగా చుట్టుకునేవాడు పాపం.

అదే కొలువులో కూర్మయ్య అనే విదూషకుడు ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం. మనిషి బక్కపలచన, కళ్ళు మాత్రం ఎప్పుడూ ఏదో వెతుకుతూ ఉండేవి.

ఇక వేలాపురం సంగతి. ఆ రాజ్యం బతుకంతా రేవు మీద. రేవు బతుకంతా తాడు మీద. నవ్వకండి. ఓడ ఎంత పెద్దదైనా లంగరుకు కట్టే మోకు లేకపోతే అది రేవులో నిలవదు. ఆ మోకులు పేనేవాళ్ళు వేలాపురం సముద్రపుటొడ్డున ఒక వీధి వీధంతా ఉండేవారు. తోటల్లో కొబ్బరికాయ తిన్నాక పారేసే డొక్కల్ని ఉప్పుకాలువలో నానబెట్టి, చివికాక కొట్టి, పీచు తీసి, ఆ పీచును తాడు చేసేవారు. మోకు కోసం ఓడలు వచ్చేవి. ఓడల కోసం వర్తకులు, వర్తకుల కోసం బళ్ళవాళ్ళు, బళ్ళవాళ్ళ కోసం పూటకూళ్ళ ఇళ్ళు. ఇలా ఊరంతా పీచు మీద నిలబడి ఉండేది. రాజుగారికి తప్ప ఈ సంగతి అందరికీ తెలుసు.

ఒకనాడు సాయంత్రం రాజుగారు గాలి కోసం పల్లకిలో సముద్రపుటొడ్డుకు వెళ్ళారు. అక్కడేం చూశారో తెలుసా? ఒక వీధి జనం, ఆడా మగా, వరసగా వెనక్కి నడుస్తూ వస్తున్నారు. నడుముకు పీచు కట్టుకుని, రెండు చేతులూ ముందుకు చాచి, ఎంతో వినయంగా, ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నారు.

రాజుగారి గుండె పొంగిపోయింది. తన ప్రజలకు చెప్పకుండానే ఎంత మర్యాద అబ్బిందో అనుకుని, చెయ్యెత్తి దీవించబోయారు. అప్పుడు తెలిసింది, వాళ్ళ ముఖాలు అటు ఉన్నాయి. వీపులే రాజుగారి వైపు ఉన్నాయి. వాళ్ళు మర్యాదగా చూస్తూ వెనక్కి నడుస్తున్నది ఒక కొయ్య రాట్నానికి.

తాడు పేనడం అలాగే కదా. రాట్నానికి పీచు కొస తగిలించి, ఒకరు రాట్నం తిప్పుతుంటే పేనేవాళ్ళు పీచు వదులుతూ వెనక్కి నడవాలి. ఎంత నడిస్తే అంత తాడు. ఇది రాజుగారికి ఎవరు చెబుతారు? పల్లకి మోసేవాళ్ళకు తెలుసు గానీ, పల్లకి మోసేవాళ్ళు మాట్లాడకూడదు కదా.

మర్నాడే ఆజ్ఞ వెలువడింది. రాయి మీద చెక్కించి రేవు దగ్గర పాతించారు. వెనక్కి నడవడం రాజుకు మాత్రమే చెల్లే మర్యాద. రాజుగారి సమక్షంలో తప్ప ఎక్కడా, ఎవరూ, దేనికీ వెనక్కి నడవరాదు. నడిస్తే కారాగారం.

అంతే, రాట్నాలు ఆగిపోయాయి.

అటు తరవాత జరిగింది చెప్పాలంటే నాకే విసుగ్గా ఉంది. పేనేవాళ్ళు ఒక్కొక్క ఇల్లే తాళం పెట్టుకుని, పొరుగు రాజ్యంలోని దేవరేవుకు వలసపోయారు. పీచు కొట్లలో మూలుగుతోంది. తోటల్లో డొక్కలు గుట్టలు పడి పాములకు ఇళ్ళయ్యాయి. ఓడలు వచ్చి, మోకు లేదని తెలిసి, చూపు తిప్పుకుని పోతున్నాయి. పని లేని కుర్రకారు రేవు గట్టున కూర్చుని, పోయే తెరచాపల్ని చూస్తూ, తామెప్పుడు పోతామా అనుకుంటున్నారు.

కూర్మయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. రాజుగారితో ఎవరైనా చెబితే బాగుణ్ణని అందరూ అనుకున్నారు. విశ్వంభరుడుగారు ఒకసారి నోరు తెరిచి, "మహాప్రభూ, ఆ ఆజ్ఞను కాస్త..." అన్నాడో లేదో, రాజుగారు మీసం మీద చెయ్యి వేశారు.

"రాతి మీద చెక్కినది చెరుపుతారటయ్యా మంత్రీ? ఉత్తుంగదేవుడు ఒక మాట అన్నాక అది అన్నట్టే."

మంత్రి వెనక్కి నడుచుకుంటూ పోయి, స్తంభానికి గుద్దుకున్నాడు.

వానలు మొదలవబోయే రోజుల్లో మస్తాన్ సరంగు రేవులో దిగాడు. వర్తకుల ఓడలన్నిటినీ నడిపించే పెద్ద సరంగు అతను. కూర్మయ్యను చూసి ఉన్నమాట చెప్పాడు.

"అయ్యా, వానలు తగ్గాక, కార్తీకపున్నమి పోటుకు మా ఓడలన్నీ వస్తాయి. లంగరు మోకు ఉందంటే ఇక్కడ ఆగుతాయి. లేదంటే దేవరేవుకు పోతాయి. అటు ఒకసారి అలవాటు పడ్డామంటే మళ్ళీ ఇటు తిప్పడం నా వల్ల కాదు. పాత నేస్తం కాబట్టి చెబుతున్నాను."

కూర్మయ్య అక్కణ్ణుంచి తిన్నగా పేనేవాళ్ళ వీధికి పరుగెత్తాడు. వీధంతా ఖాళీ. ఒకే ఒక ఇంటి ముందు పోలమ్మ మూటలు కడుతోంది. ఆ వీధికి పెద్ద ఆవిడే. లంగరు మోకుకు మూడు పేటలు కలపడం ఆవిడకు తెలిసినట్టు ఆ తీరంలో ఇంకెవరికీ తెలియదు, ఆ మాట ఆవిడే అందరికీ చెప్పుకునేది. కూతురు బంగారి, అల్లుడు అప్పటికే దేవరేవు చేరిపోయారు. పోలమ్మ కూడా పోయిందంటే వేలాపురంలో ఆ పని తెలిసిన మనిషి ఉండదు. ఓడలు వచ్చినా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

"వెళ్ళకు పోలమ్మా," అన్నాడు కూర్మయ్య.

"ఎల్లక ఏటి సెయ్మంటావు బాబూ? ఈ రాజ్జెంలో ఎనక్కి నడిస్తే జైలు. ముందుకి నడిస్తే తాడు రాదు. నా కూతురు అక్కడ పరాయోళ్ళ రాట్నం తిప్పతంది. పోయి దాని దగ్గరే సస్తాను."

"నీ కూతురే ఇక్కడికి వస్తే?"

పోలమ్మ మూట కట్టడం ఆపింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ నోరు మాత్రం తగ్గలేదు. "ఏదో ఒకటి సెప్పి ముసిల్దాన్ని ఆపేద్దామనా? మీ కొలువోళ్ళ మాట నాను నమ్మను."

"నమ్మొద్దు. వానలు తగ్గేదాకా ఉండు, చాలు. నీ దగ్గర పేనడం నేర్చుకునే మనుషుల్ని నేను తెస్తాను."

"ఎక్కడ పేనిస్తావు? రాజుగోరు ఎదట ఉంటే తప్ప ఎనక్కి నడవకూడదు గదా."

"అందుకే," అన్నాడు కూర్మయ్య, "రాజుగారి ఎదటే పేనిద్దాం."

పోలమ్మ అతణ్ణి పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. పిచ్చివాడో, గట్టివాడో తేల్చుకోలేక మూట మీదే చతికిలబడింది.

మర్నాడు కొలువు ముగిసింది. అందరూ ఆచారం ప్రకారం వెనక్కి నడుస్తున్నారు. సేనాపతి కాలు విశ్వంభరుడుగారి ఉత్తరీయం మీద పడింది, ఇద్దరూ కలిసి ఆస్థాన జ్యోతిష్కుడి మీద పడ్డారు. కూర్మయ్య మాత్రం కదలకుండా నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏమయ్యా కూర్మయ్యా, ఎందుకేడుస్తున్నావు?" అని రాజుగారు అడిగారు.

"ఏం చెప్పను మహాప్రభూ. పడేటప్పుడు మంత్రిగారి వీపు తమరి వైపు తిరిగింది. నా కళ్ళతో నేను చూశాను. తమవంటి ప్రభువుకు జరగాల్సిన మర్యాదేనా ఇది? వీళ్ళ తప్పు కాదు. వెనక్కి నడవడం వీళ్ళకు ఎవరూ నేర్పలేదు. కత్తి తిప్పడానికి గురువున్నాడు, పాటకు గురువున్నాడు. మర్యాదకు గురువు లేడు."

రాజుగారు మీసం కింద పెదవి కొరుక్కున్నారు. ఆ మాట సూటిగా తగిలింది.

"అలాంటి గురువు ఉన్నారా?"

"ఒక్కరున్నారు మహాప్రభూ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వెనక్కి నడిచిన మనిషి. ఒక్కసారి తిరిగి చూడదు, ఒక్కసారి తడబడదు. గీత గీసినట్టు నడుస్తుంది. ఆవిడ ఊరు విడిచిపోతోందట. పొరుగు రాజుకు ఆ మర్యాద దక్కుతుందేమోనని నా బాధ."

"పొరుగు రాజుకా? వెంటనే పిలిపించు," అన్నారు ఉత్తుంగదేవుడుగారు.

అలా పోలమ్మ కొలువుకూటానికి ఆచార్యురాలైంది. పట్టుశాలువా కప్పారు. ఆవిడ దాన్ని తీసి నడుముకు బిగించి కట్టుకుంది. సింహాసనం పక్కనే రాట్నం పెట్టించింది.

"ఇదెందుకు?" అన్నారు రాజుగారు.

కూర్మయ్య అందుకున్నాడు. "పాటకు తంబురా ఎలాగో, నడకకు అది అలాగ మహాప్రభూ. దాని కిర్రు వింటూ నడిస్తే అడుగు తప్పదు. నడుముకు పీచు ఎందుకంటారా, చేతులకు పని లేకపోతే గాలిలో ఊగుతాయి, వినయం చెడుతుంది."

రాజుగారికి అదంతా శాస్త్రంలాగే వినిపించింది.

మొదటి రోజు చూడాలి. ప్రధానమంత్రి, సేనాపతి, జ్యోతిష్కుడు, ఆస్థాన కవులు, అందరూ నడుముకు పీచు మూటలతో వరసగా నిలబడ్డారు. పోలమ్మ చేతిలో కొబ్బరి మట్ట.

"సూడు బాబూ, పీచు పిసికేత్తన్నావు. అది నీ శత్రువు కాదు. సంటిపిల్ల ఏలు పట్టుకున్నట్టు పట్టుకో," అంది సేనాపతితో. సేనాపతి వేళ్ళు వదులు చేశాడు. మంత్రిగారితో అంది కదా, "ఎనక్కి సూడకు. ఎనకేటుందో నీ పాదానికి తెలుస్తాది. ముందు నీ సేతిలో ఏటి పుడతందో అది సూడు."

మంత్రిగారు చూశాడు. తన వేళ్ళ మధ్య, వెంట్రుకల్లాంటి పీచు ఒకదాన్నొకటి పట్టుకుని దారమవుతోంది. బెత్తెడు పొడుగు కూడా లేని పోచలు, ఒక్కటీ ముడి వెయ్యకుండానే కూటం ఆ కొస దాకా సాగిపోయాయి. ఆయన తలకు వెనక ఏ స్తంభమూ తగల్లేదు. అడుగు ఎక్కడ ఆగిందో అదే గుమ్మం. ఆయన చేతిలోని దారాన్ని చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. నలభై శాస్త్రాలు చదివిన మనిషి, ఆ పూట ఇంటికి వెళ్ళి భార్యతో మాట్లాడింది ఆ దారం గురించే.

కొన్నాళ్ళకు కొలువు ఎలా మారిపోయిందంటే, రాజుగారికి రోజూ పండగే. బారులు తీరిన జనం, చేతులు ముందుకు చాచి, రాట్నం కిర్రుకు ఒకే అడుగుగా, తన ముఖం చూస్తూ వెనక్కి వెనక్కి వెళుతుంటే ఆయనకు కడుపు నిండిపోయేది.

"ఈ భాగ్యం కొలువువాళ్ళకేనా?" అన్నాడు కూర్మయ్య ఒకరోజు. "ఊళ్ళో కుర్రకారు రేవు గట్టున ఊరికే కూర్చుంటున్నారు మహాప్రభూ. వాళ్ళకూ మర్యాద నేర్పించకూడదా?"

"అందరినీ రమ్మను," అన్నారు రాజుగారు. "ఆడవాళ్ళను కూడా. నేర్చినవాళ్ళు తెలియనివాళ్ళకు నేర్పాలి. ఇది మా ఆజ్ఞ."

ఆ వానాకాలమంతా బయట జడివాన, లోపల రాట్నాల చప్పుడు. ఒక్క రాట్నం కాస్తా పదయింది. చేపలమ్మే పిల్లకు ప్రధానమంత్రి పీచు కట్టడం చూపించాడు. ఆ పిల్ల రెండు పూటలకే ఆయన్ని దాటిపోయి, మంత్రిగారి దారం మధ్యలో ఉబ్బుతోందని కోప్పడింది. బళ్ళు తోలేవాళ్ళు వచ్చారు, వంటవాళ్ళు వచ్చారు, ఊరు విడిచిపోదామని మూట కట్టుకున్నవాళ్ళు మూట గుమ్మంలో దించి వచ్చారు. ఎదురుపడితే తిట్టుకునే రెండు వీధులవాళ్ళు ఒకే రాట్నానికి పీచు తగిలించారు. పోలమ్మ గొంతు బొంగురుపోయింది. అయినా ఆపలేదు.

పేనిన దారాలు ఉండలు చుట్టి కూటంలో మూల పేర్చారు. గుట్ట కిటికీల దాకా లేచింది.

"ఆ ఉండలేమిటయ్యా?" అన్నారు రాజుగారు.

"తమకు జరిగిన మర్యాద మహాప్రభూ," అన్నాడు కూర్మయ్య. "ఊరికే పోనివ్వడం ఎందుకని చుట్టి దాచిపెడుతున్నాం."

రాజుగారు ఎంతో మురిసిపోయారు. చూశారా మరి, ఒళ్ళు మండుతుందని ముందే చెప్పాను.

కార్తీకమాసం వచ్చింది. దారాలన్నీ కలిపి మూడు పేటలు చేశారు, ఒక్కో పేట మనిషి పిక్క లావు. ఇక మూడింటినీ కలిపి మోకు చెయ్యాలి. దానికి కూటం చాలదు. కోటగుమ్మం నుంచి రేవు దాకా ఉన్న రాజవీధి కావాలి.

"రేవు కాడ పెద్ద రాట్నం తిప్పాల," అంది పోలమ్మ. "ఇటేపు కొసన సెక్కబల్ల మీద మాంచి బరువుండాల. ఆ బరువుకే తాడు బిగుస్తాది. తేలిగ్గా ఉందనుకో, బల్ల ఎగిరొచ్చేస్తాది, మోకు లొడలొడలాడతాది. పెద్ద బండరాళ్ళు తెప్పించు బాబూ."

"బరువు సంగతి నాకొదిలెయ్," అన్నాడు కూర్మయ్య. "ఈ రాజ్యంలో అన్నిటికంటే బరువైనదాన్ని తెస్తాను."

అప్పుడు రాజుగారి దగ్గరికి వెళ్ళాడు. "మహాప్రభూ, పున్నమినాడు ఊరు ఊరంతా తమరికి ఎదురుగా నిలిచి, కోటగుమ్మం నుంచి రేవు దాకా వెనక్కి నడుస్తుంది. తమరు సింహాసనం మీద ఊరేగుతూ చూడాలి. ఏనుగులు వద్దు, బోయీలు వద్దు. ప్రజలే తమరిని తీసుకుపోతారు. ఒక్క చెయ్యి కూడా తమరి పీఠాన్ని తాకదు."

"తాకకుండా ఎలా కదులుతుందయ్యా?"

"తమరే చూస్తారుగా."

పున్నమి పొద్దుటే రాజుగారు వచ్చారు. పెద్ద కిరీటం, బంగారు కవచం, మెడనిండా హారాలు. చక్రాల్లేని చెక్కబల్ల మీద సింహాసనం, దాని మీద ఆయన. బల్లకు ముందు ఒక ఇనుప కొక్కెం, దానికి మూడు పేటలు. ఆ పేటలు రాజవీధి పొడుగునా సాగిపోయి, దూరాన రేవులో, పెద్ద రాట్నం దగ్గర కలుస్తున్నాయి. దారి పొడుగునా రెండు వైపులా జనం పేటలు నేలకు తగలకుండా చేతుల మీద ఎత్తి పట్టుకున్నారు. ఊళ్ళో ముసలీ ముతకా ఒక్కరు మిగల్లేదు. అందరి ముఖాలూ రాజుగారి వైపే.

పోలమ్మ బల్లకు ఎదురుగా నిలబడింది. ఆవిడ చేతిలో మూడు గాడులు చెక్కిన కొయ్యముక్క. ఒక్కో గాడిలో ఒక్కో పేట కూర్చుంది. ఆవిడ చెయ్యెత్తగానే రేవు దగ్గర రాట్నం తిరగడం మొదలైంది.

ముందు ఏమీ జరగలేదు. పేటలు సన్నగా మూలిగాయి, అంతే. తరవాత వాటిలోకి పురి ఎక్కింది. ఒక వణుకు వీధి పొడుగునా జనం చేతుల మీదుగా పాకుతూ వచ్చి రాజుగారి పాదాల కింద ఆగింది. పసిపిల్లలు కూడా ఊరుకున్నారు.

అప్పుడు కదిలింది బల్ల. సింహాసనం, కిరీటం, కవచం, రాజుగారు, అన్నిటితో కలిసి, చీమ నడకలా, ముందుకు.

రాజుగారు సింహాసనం చేతులు గట్టిగా పట్టుకున్నారు. అటు చూశారు, ఇటు చూశారు. వెనక నెట్టేవాళ్ళు లేరు. ముందు లాగేవాళ్ళు లేరు.

"ఎవరు లాగుతున్నారు?" అన్నారు. ఆ గొంతు రాజు గొంతులా లేదు.

"ఎవులూ నాగట్నేదు మారాజా," అంది పోలమ్మ, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ. "పురి ఎక్కేకొద్దీ తాడు కురసవుతాది. ఆ పురే తవర్ని నాగతంది."

ఆవిడ చేతిలో కొయ్యముక్కకు రేవు వైపు మూడు పేటలు విడివిడిగా ఉన్నాయి. ఇటు, ఆవిడకూ రాజుగారికీ మధ్య, మూడూ ఒకదాన్నొకటి చుట్టుకుని, నున్నగా, ఒకే మోకై పుడుతున్నాయి. చేత్తో ఎవరూ అల్లడం లేదు. తనకు తానే అల్లుకుంటోంది. ఆవిడ వెనక్కి పోయేకొద్దీ అది పెరుగుతోంది. అది పెరిగేకొద్దీ రాజుగారు ముందుకు వస్తున్నారు. ఈ ముక్క చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది, ఏం చెయ్యను. అంతవరకూ ఆ రాజ్యంలో అందరూ ఆయన నుంచి వెనక్కి పోవడమే గానీ, ఆయన జనం వైపు ఒక్క అడుగు వచ్చింది లేదు. ఆ పూట వాళ్ళు చేతులతో పెట్టిన పురి ఆయన్ని వాళ్ళ మధ్యకు తెచ్చింది.

రాజుగారికి దారి పక్క ముఖాలు దగ్గరగా కనిపించాయి. పేట ఎత్తి పట్టుకున్న మంత్రిగారి అరచేతుల్లో కాయలు కాచి ఉన్నాయి. పక్కనే చేపలమ్మే పిల్ల. ఆ పక్కన పనిలేక గట్టున కూర్చునే కుర్రాళ్ళు, ఇప్పుడు దవడ బిగించి, కళ్ళు ఆర్పకుండా, తమ చేతిలో ఉన్నదాన్ని చూసుకుంటున్నారు.

బల్ల రేవుకు ఇంకా కొంత దూరం ఉండగా పోలమ్మ రాట్నం దాకా చేరి ఆగింది. మోకు పూర్తయింది. రాజుగారు దిగి, వంగి, దాని మీద చెయ్యి పెట్టారు. అది ఇంకా వేడిగా ఉంది. తల ఎత్తారు.

"కూర్మయ్యా," అన్నారు నెమ్మదిగా. "ఇది తాడు."

"అవును మహాప్రభూ."

"అయితే, ఆ రోజు ఒడ్డున చూసి మేము మాన్పించిన పని ఇదే కదా."

సేనాపతి చెయ్యి అలవాటుకొద్దీ కత్తి మీదికి పోయింది. కారాగారమో, అంతకు మించో, కూర్మయ్య మెడ అక్కడే ఉంది.

కూర్మయ్య చేతులు జోడించాడు. "లేదు మహాప్రభూ. తమరు లేని చోట వెనక్కి నడవడం మాన్పించారు. ఆ రాతి మీద ఉన్నది అదే. ఇందులో ఒక్క మూర కూడా తమరు లేని చోట పుట్టలేదు. మొదటి పోచ నుంచి చివరి పురి దాకా తమరి సమక్షంలోనే. తమరి ఆజ్ఞను ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని పాటించిన ఊరు ఇంకెక్కడా లేదు."

రాజుగారు ఏమీ అనకముందే పోటు ఎక్కింది, దానితో పాటే వర్తకుల ఓడలూ వచ్చాయి. మస్తాన్ సరంగు మోకు కొసను పెద్ద లంగరుకు బిగించి, రెండో కొసను అన్నిటికంటే పెద్ద ఓడకు చుట్టాడు. లంగరు నీళ్ళలో పడింది. కార్తీకపు పోటు వచ్చి ఓడను ఎత్తి అవతలికి విసరబోయింది. మోకు నీళ్ళలోంచి లేచి, బిగిసి, దాని ఒంట్లోంచి నీళ్ళు చిమ్మాయి. ఓడ ఆగింది. అంత పెద్ద ఓడ, కొబ్బరి పీచు మాట విని నిలబడింది. దాని వెనక మిగతా తెరచాపలు ఒక్కొక్కటే దించుకుంటూ రేవులోకి తిరిగాయి.

"ఆగుతాయి," అన్నాడు సరంగు. "ఇక ఇక్కడే ఆగుతాయి."

అప్పుడు జనాన్ని ఎవరు పట్టగలరు? అంతా ఒక్కసారి ఓడల వైపు పరుగు తీశారు. ముసలీ ముతకా, కవులూ, బళ్ళవాళ్ళూ, అందరూ రాజుగారికి వీపు చూపించి పరుగే పరుగు. విశ్వంభరుడుగారు గుండె బాదుకుని, "వీపులు, వీపులు," అని అరవబోయి, తన వీపు కూడా అటే ఉందని గుర్తొచ్చి కొయ్యబారిపోయాడు.

ఒక్క కూర్మయ్య మాత్రం ముఖం రాజుగారి వైపు పెట్టుకుని, చేతులు జోడించి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ ఓడల వైపు పోతున్నాడు.

"నీకేమొచ్చిందయ్యా?" అన్నారు రాజుగారు.

"ఆజ్ఞ ఉంది కదా మహాప్రభూ. రేపటి నుంచి ప్రతి ఊళ్ళో ఇలా పేనాలంటే తమరు ప్రతి ఊళ్ళో కూర్చోవాలి. పల్లకి సిద్ధం చేయించనా అని ఆలోచిస్తున్నాను."

రాజుగారి మీసం ముందు అదిరింది. తరవాత భుజాలు అదిరాయి. తరవాత ఆయన పడీ పడీ నవ్వారు. కిరీటం జారి ఇసకలో పడితే తీసుకోవడం కూడా మరిచి నవ్వారు. ఎన్నో ఏళ్ళుగా కూర్మయ్యకు జీతమిచ్చి పోషించినా, అలాంటి నవ్వు ఆయన అంతకుముందు ఎప్పుడూ నవ్వలేదు.

నవ్వు ఆగాక కాళ్ళకున్న పాదుకలు విప్పి కూర్మయ్య చేతిలో పెట్టారు. "రాతి మీది మాట చెరపను. కానీ ఇవి ఎక్కడ ఉంటే అక్కడ నేనున్నట్టే. ఇలాంటివి చేయించి ప్రతి తీరపు ఊళ్ళోనూ, పేనేవాళ్ళు నడిచే తాళ్ళబాట కొసన పెట్టించు. ఊరికొక పేనేవాళ్ళ శాల కట్టించు. పోలమ్మ దగ్గర నేర్చినవాళ్ళు అక్కడ నేర్పాలి. ఖర్చు ఖజానాది. ఇక నీకేం కావాలో అడుగు."

"ఒక్కసారి ముందుకు నడిచి ఇంటికి పోనివ్వండి మహాప్రభూ," అన్నాడు కూర్మయ్య. "మా ఆవిడ నా ముఖం గుమ్మంలో చూసి చాలా కాలమైంది."

రాజుగారు మళ్ళీ నవ్వి, తన మెడలోని ముత్యాలహారం అతని మెడలో వేసి, తామే రెండు భుజాలూ పట్టుకుని అతణ్ణి ఇంటి వైపు తిప్పారు. ఆపైన ఉత్తికాళ్ళతో, ఇసకలో, జనం వెనకాలే ఓడలు చూడటానికి నడిచారు.

చలి ముదిరే రోజుల్లో ఒక పడవ దేవరేవు నుంచి వచ్చింది. బంగారి దిగి, మూట చంకన పెట్టుకుని, పాత వీధిలోకి వచ్చింది. వీధి నిండా రాట్నాలు. తాళ్ళబాట కొసన చెక్కబల్ల మీద ఒక జత పాదుకలు, ఎవరో పొద్దుటే తుడిచి పెట్టినట్టున్నాయి.

"ఎవులియే అమ్మా, ఇయ్యి?"

పోలమ్మ కూతురి ముఖం వైపు చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని భయం. పీచు మూట తీసి కూతురి నడుముకు తనే కట్టింది, ముడి బిగించింది.

"రాజుగోరు. కూకుని సూత్తన్నారు," అంది. "నడు, సక్కగా ఎనక్కి నడు."